పంచదార లేని అత్తరు

కిందటి వారం జువేనాను మనం మూడో అత్తరు దుకాణం మెట్ల మీద, కొంగుతో ముక్కు మూసుకుని ఉండగా వదిలేశాం. ఈ వారంలో ఆమె పరిస్థితి ఏమైనా మెరుగుపడి ఉంటుందని ఎవరైనా ఆశపడితే, ఆ ఆశ ఇక్కడే వదులుకోవడం మంచిది.

భర్త ఖెలెఫ్ పోయాక నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ కూర్చుంది ఆమె. తెల్లబట్టలు కట్టుకుని, గడప దాటకుండా, అత్తరు చుక్క గానీ ఊదు పొగ గానీ ఒంటికి తగలనివ్వకుండా. గడువు తీరిన రోజున పేటలోని ఆడవాళ్ళందరూ చేరి తలంటి, ఆనవాయితీ ప్రకారం మల్లె అత్తరు సీసాకు సీసా నెత్తిన గుమ్మరించారు. జువేనా అక్కడికక్కడే వాంతి చేసుకుంది. గొడవంతా ఆ వాంతితో మొదలైంది.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఖెలెఫ్ పడవ ఎక్కేముందు చెవి వెనక రాసుకునే అత్తరు. అందులో పువ్వు లేదు, తీపి లేదు. మిరియాల ఘాటు, లవంగం కాడల కారం, కాస్త పొగ, కాస్త ఉప్పు. ఇరవై ఏళ్ళు ఆ వాసన పక్కన నిద్రపోయింది. పిల్లల్లేని ఇంట్లో, ఆయన పెంబా ద్వీపానికి సరుకు వేసుకుని వెళ్ళినప్పుడల్లా ఆయన దిండుకంటిన వాసనే ఆమెకు తోడు. ఇప్పుడు మిగిలింది వేలెడంత గాజు సీసా, అదీ ఖాళీది. మూత తీసిన ప్రతిసారీ లోపలి వాసన కొంత తగ్గిపోతోంది. ఇంకొన్నిసార్లు తీస్తే అది ఉత్త గాజు. అప్పుడిక ఖెలెఫ్ ఎలా ఉండేవాడో తన ముక్కుకు కూడా గుర్తుండదని ఆమె భయం. అది పూర్తిగా పోయేలోపు అచ్చం అలాంటిది చేయించుకోవాలని ఊరంతా తిరుగుతోంది.

తిరిగి ఏం లాభం? మొదటి దుకాణదారు మిరియాల నూనెలో గులాబీ కలిపిచ్చాడు. రెండోవాడు లవంగాల్లో వనిల్లా కలిపి, “ఇది వేసుకుంటే మళ్ళీ పెళ్ళి సంబంధాలు వస్తాయి” అన్నాడు. మూడోవాడు విని నవ్వాడు. “అమ్మా, మీరు అడిగేది అత్తరు కాదు, పులుసు,” అన్నాడు.

ఇంట్లో సంగతి ఇంకా దారుణం. మాలిందీ పేటలోని ఆ ఇంటికి పెత్తనం ఖెలెఫ్ అక్క మ్వానఖేరిది. తీపి వాసన గిట్టని ఆడది లోకంలో ఉండదు కాబట్టి, జువేనా నెత్తిన పెంబా భూతం కూర్చుందని ఆవిడ తేల్చేసింది. మంచి భూతాలు పన్నీరు అడుగుతాయట. పెంబా భూతాలు ఘాటు అడుగుతాయట. గురువారం మధ్యాహ్నానికి రమ్మని భూతవైద్యుడికి కబురు పెట్టింది. వద్దు మొర్రో అన్నా వినలేదు. ఆవిడ ఎప్పుడు విన్నది కనుక? తమ్ముడు పోయినప్పుడూ అంతే. ఈ దీవుల్లో ఎంత బీదవాడి చావు కబురైనా రేడియోలో చదువుతారు. ఖెలెఫ్‌ది మాత్రం చదివించనివ్వలేదు. “పేటంతటికీ తెలిసిందే, రేడియోకెందుకు చెప్పడం,” అని అడ్డం పడింది. ఆ సంగతి జువేనాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

అలా ఆ గురువారం రానే వచ్చింది.

*

పొద్దున్నే జువేనా నల్ల బుర్ఖా తగిలించుకుని, సీసాను గుడ్డలో చుట్టి రవికలో దోపుకుని బయల్దేరింది. పెంబా పడవ రేవుకి వస్తూ కూత పెట్టింది. ఆ కూత వింటే ఒకప్పుడు పొయ్యి మీద అన్నం పెట్టేది. ఇప్పుడు విననట్టు నడిచింది.

న్గాంబో పేటలో బీ షినూనా ఇల్లు వెతుక్కోనక్కర్లేదు. వీధి మలుపు నుంచే తీపి వాసన ముక్కు పట్టుకుని లాక్కుపోతుంది. ఊళ్ళో సగం పెళ్ళికూతుళ్ళకు ఊదు బిళ్ళలు చేసేది ఆవిడే. ఈవిడా కాదంటే ఇక అడగడానికి ఎవరూ లేరు.

“హోదీ!” అంది జువేనా గుమ్మంలో. జవాబు లేదు. “హోదీ!” మళ్ళీ అంది. లోపల ఏదో చిటపటలాడుతోంది తప్ప మనిషి పలకలేదు. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే తిరిగి వెళ్ళిపోవడం మర్యాద. వచ్చినదాన్ని ఉట్టి చేతుల్తో పోతానా అనుకుంటూ మూడోసారి గట్టిగా అరిచింది.

“కరీబు, కరీబు! చెవిటిదాన్ని కాదమ్మా, పాకం దగ్గరున్నా. రా తల్లీ, పొయ్యికి దూరంగా కూర్చో, మీద పడుద్ది.”

పెరట్లో బొగ్గుల పొయ్యి మీద పంచదార పాకం బుడగలేస్తోంది. షినూనా డెబ్భై ఏళ్ళ మనిషి. గరిటె తిప్పుతూనే కొత్తగా వచ్చిన మనిషిని ఒకసారి కింది నుంచి పైదాకా చూసింది.

“ఏం కావాలి? పెళ్ళికా, పురిటికా?”

“నాకేనండీ. ఘాటుగా ఉండాలి. పూలు వద్దు, తీపి వద్దు.”

“అలాగే. గులాబీ ఒక్క చుక్క వేసి...”

“గులాబీ పువ్వే కదండీ.”

“సరే, మల్లె.”

జువేనా పళ్ళు బిగించింది. “మల్లె కూడా పువ్వే.”

“లాంగిలాంగి?”

“బీ షినూనా, చెట్టుకి పూసింది ఏదీ నాకొద్దు.”

“లవంగం కూడా చెట్టుకి పూసిందేనే పిచ్చిదానా. విచ్చుకోని మొగ్గ అది.”

“అదొక్కటీ ఉండొచ్చు!” జువేనా గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. “క్షమించండి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా ఇదే మాట చెప్పి చెప్పి నా ప్రాణం విసిగిపోతోంది. మల్లె వద్దంటే గులాబీ ఇస్తారు, గులాబీ వద్దంటే వనిల్లా ఇస్తారు. కారంగా, ఉప్పగా ఉండాలంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. ఇంటికెళ్తే మా ఆడపడుచు నా నెత్తిన భూతం ఉందంటోంది.”

“ఉందా?”

“ఏముందా?”

“భూతం.”

“లేదండీ!”

షినూనా నవ్వి, గరిటె పక్కన పెట్టింది. “కోప్పడకు. పంచదార లేకుండా ఊదు ఎలా చేయమంటావు చెప్పు. చెక్కపొడి, నూనెలు, మసాలాలు, అన్నిటినీ పట్టి ఉంచేది ఈ పాకమే. ఇది లేకపోతే అవన్నీ దేన్ని పట్టుకుని నిలబడతాయి, నా నెత్తినా? ఈ ఊళ్ళో ఏ ఆడదాని చెయ్యైనా పొయ్యి వెలిగించగానే పంచదార డబ్బా మీదికే పోతుంది. మా అమ్మ చెయ్యి అంతే, నా చెయ్యి అంతే. సర్లే, నీకు కావలసిన వాసన ఎలా ఉంటదో చూపించు.”

జువేనా సీసా తీసింది. మూత తీయడానికి మనసొప్పలేదు. చివరికి కళ్ళు మూసుకుని తీసి, వెంటనే ముసలామె ముక్కు కింద పెట్టింది.

షినూనా ఒక్కసారే పీల్చింది. ఆ తర్వాత మూత తనే బిగించి, సీసాను జువేనా చేతిలో పెట్టి, ఆ చెయ్యి మీద చెయ్యి ఉంచింది.

“మీ ఆయన సముద్రం మీద మనిషా?”

“పడవ కెప్టెన్. పెంబాకీ ఇక్కడికీ తిరిగేవారు. మీకెలా తెలుసు?”

“ఈ నూనెను బట్టే తెలుసు. సముద్రంలో జిన్నులుంటాయి కదా, ఆడ జిన్నులు. తీపి వాసనా, పూల వాసనా ఎక్కడొస్తే అక్కడికి చేరతాయి. అందుకని పడవ మీదికి పోయే మొగుడికి పెంబా ఆడవాళ్ళు పువ్వు తగలకుండా, పంచదార తగలకుండా నూనె కాస్తారు. లవంగం కాడలు, మిరియాలు, ఉప్పు, కొబ్బరి చిప్పల పొగ. జిన్ను మూతి తిప్పుకుని పోవాలి. తమ కోసం మాత్రం బోలెడన్ని మల్లెలు వాడతారనుకో, అది వేరే.” ముసలామె మళ్ళీ నవ్వింది. “నాకు అర్థం కానిది ఒక్కటే తల్లీ. నువ్వు చేసిన దాన్ని నన్ను చేయమంటావేంటి?”

“నేనా?”

“నువ్వు కాక ఇంకెవరు? అది బజారులో కొంటే పనిచేయదు. భార్య చేతుల్తో కాయాలి.”

పాకం మాడుతున్న వాసన వచ్చింది. ఇద్దరూ దాని వంక చూడలేదు.

“నేను ఈ ఊరి దాన్ని,” అంది జువేనా నెమ్మదిగా. “నాకు ఊదు వేయడం తప్ప ఇంకేమీ రాదు. నేనెప్పుడూ ఇది చేయలేదు. రేవులో ఎవరో అమ్ముతారని చెప్పేవారు ఆయన.”

షినూనా ముఖంలో నవ్వు పోయింది. గబుక్కున పొయ్యి వైపు తిరిగి, మాడిన పాకాన్ని అవసరం లేనంత గట్టిగా గీకడం మొదలుపెట్టింది.

“వాళ్ళమ్మ చేసిందేమో.”

“మా పెళ్ళికి ముందే పోయిందావిడ.”

“అక్కచెల్లెళ్ళు? భార్య లేకపోతే వాళ్ళూ చేస్తారు.”

“ఒక అక్క ఉంది.”

“హమ్మయ్య. అయితే ఆమే చేసుంటది. ఇంకేం, ఇంట్లోనే పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నావు. వెళ్ళి అడుగు పో.” ఇదంతా ఆవిడ మూకుడుతోనే అంది. జువేనా లేచి వెళ్తుంటే గుమ్మం దాకా వచ్చి సాగనంపలేదు. వచ్చినవాళ్ళని సాగనంపకుండా ఉండడం ఆవిడ అలవాటు కాదు.

*

భార్య లేకపోతే అక్క. ఆ మూడు మాటలూ పట్టుకుని జువేనా ఇంటికి నడిచింది. నిజమే అయ్యుండాలని దారంతా కోరుకుంది. మ్వానఖేరి మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు. ఇంకో సమాధానం ఆలోచించడానికి ఆమెకు ధైర్యం లేకపోవడం వల్ల.

ఇంటికొచ్చేసరికి మ్వానఖేరి నడవలో చాప పరిచి, భూతవైద్యుడి కోసం పళ్ళాలు సర్దుతోంది. పన్నీరు, గుడ్లు, హల్వా ముక్కలు. వెనక గదిలో కిటికీ తలుపులు అన్నీ బిగించేసి ఉన్నాయి. జువేనాను ఆ గదిలో కూర్చోబెట్టి, గుడ్డ కప్పి, పొగ వేయాలట.

“ఎక్కడికెళ్ళావు? ఇవాళ గడప దాటొద్దని చెప్పానా లేదా?”

“వదినా, ఒక మాట అడుగుతాను. ఆయన రాసుకునే అత్తరు, అది మీరు కాచి ఇచ్చేవారా?”

మ్వానఖేరి చేతిలో హల్వా ముక్క అలాగే ఆగింది. “ఎవరన్నారు?”

“బీ షినూనా. పడవ మీది మగాళ్ళకి భార్యే కాస్తుందట. లేకపోతే అక్క కాస్తుందట. నేనైతే కాయలేదు.”

అంతలోనే మ్వానఖేరి ముఖం విప్పారింది. మునిగిపోయేవాడికి చెక్క దొరికినట్టు ఆ మాట పట్టుకుంది.

“అవును, నేనే. ఇంకెవరు కాస్తారు వాడికి? మా అమ్మ నేర్పింది.”

“మీరే?”

“చెప్తున్నాగా, నేనే అని!”

జువేనా అక్కడే నేల మీద కూలబడింది. ముందు గుండె కుదుటపడింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

“అయితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ? మీ కళ్ళెదురుగానే ఈ సీసా పట్టుకుని ఊరంతా తిరుగుతున్నాను కదా! దుకాణాల్లో నన్ను పులుసు అడిగే ఆడదాన్నని నవ్వుతున్నారు. మీరేమో నెత్తిన భూతముందన్నారు. ఒక్క మాట, ‘నేనే కాచానే, ఉండు, కాచిస్తాను’ అంటే మీ సొమ్మేం పోయింది?”

“మర్చిపోయాను.”

“మర్చిపోయారా!”

“వయసు మీద పడుతోంది. అరవకు, పక్కింటివాళ్ళు వింటారు.”

“వింటే విననివ్వండి. ఇప్పుడు కాచండి.”

“ఇప్పుడా? భూతవైద్యుడు వస్తుంటే...”

“నాకు ఆ అత్తరు వస్తే నా నెత్తిన భూతం దానంతటదే దిగిపోతుంది. కాచండి వదినా. మీకు దణ్ణం పెడతాను, కాచండి.”

చెప్పినంత పనీ చేసింది. బొగ్గుల పొయ్యి తనే వెలిగించింది. మిరియాలు, ఉప్పు, కొబ్బరినూనె, కొబ్బరి చిప్పలు తెచ్చి పక్కన పెట్టింది. లవంగం కాడలు లేకపోతే పక్కింటికి పరిగెత్తి అడిగి తెచ్చింది. మూకుడు పొయ్యి మీద పెట్టి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని చూసింది.

మ్వానఖేరికి తప్పించుకునే దారి లేకపోయింది. పొయ్యి ముందు కూర్చుంది. మిరియాలు చేతిలోకి తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. లవంగం కాడలు వాసన చూసింది. “మా అమ్మ అయితే ముందు...” అని ఏదో గొణిగింది. మూకుడు వేడెక్కి సన్నగా పొగ వస్తోంది. ఏదో ఒకటి వేయాలి. ఆవిడ మనసు ఎక్కడుందో గానీ, చెయ్యి మాత్రం నలభై ఏళ్ళుగా వెళ్ళే చోటికే వెళ్ళింది. వెనక్కి జరిగి, అలమరలోంచి డబ్బా తీసి, మూత తెరిచి, గుప్పెడు తీసి మూకుట్లో వేసింది.

పంచదార.

అది కరిగి, బుడగలొచ్చి, బంగారు రంగు తిరిగేదాకా ఇద్దరూ చూస్తూ ఉండిపోయారు. మ్వానఖేరికి తను ఏం చేసిందో అప్పుడు తెలిసింది. డబ్బా మూత పెట్టబోతే సరిగ్గా పడలేదు.

“వదినా,” అంది జువేనా. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆవిణ్ణి ‘నువ్వు’ అంది. “నువ్వు కాయలేదు. ఎవరు కాచారు?”

“అరవకు.”

“నేను అరవడం లేదు. ఎవరు కాచారు?”

మ్వానఖేరి లేచి తన గదిలోకి వెళ్ళింది. మంచం కింది పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి, జువేనా ఎదుట చాప మీద, హల్వా పళ్ళెం పక్కన, వరసగా పెట్టింది. వేలెడంత గాజు సీసాలు. తాటాకు చుట్టి, మైనంతో మూత వేసినవి. నాలుగు. నిండుగా ఉన్నాయి.

“నెలకొకటి వస్తోంది,” అంది. “పేరు రిజికి. పెంబాలో, వేటే అనే ఊరి దగ్గర. పదకొండేళ్ళయింది వాడు నిఖా చేసుకుని. పిల్లలు లేరు. నీకు చెప్పొద్దని నాచేత ఖురాన్ మీద ఒట్టు వేయించుకున్నాడు.”

జువేనా ఏడవలేదు. ఏడుపు రాకపోవడం ఆమెకే వింతగా అనిపించింది. వచ్చిందల్లా విసుగు, ఇన్నాళ్ళుగా ఒంట్లో పేరుకున్న విసుగంతా ఒక్కసారిగా. రేవులో ఎవరో అమ్ముతారన్నాడు! ఏడాదికోసారి ‘ఆ అమ్మేవాడు ధర పెంచాడే’ అని కూడా అనేవాడు. దిండుకు ముఖం ఆనించుకుని పదకొండేళ్ళు పీల్చిన వాసన ఇంకో ఆడదాని చేతి వంట. ఆ ఆడదాని కోసమా ఇన్నాళ్ళూ తను దుకాణం దుకాణం తిరిగి మాటలు పడింది?

“పెళ్ళికి ముందు నుంచీ ఉంది ఆ వాసన,” అంది ఉన్నట్టుండి.

“అప్పుడు మా అమ్మ జాడీల కొద్దీ కాచిపెట్టి పోయిందే వాడేవాడు. అది అయిపోయాక రిజికి కాచింది. నాకు నిజంగా రాదు. నేను ఎప్పుడూ నేర్చుకోలేదు.”

“నా నెత్తిన భూతం ఉందన్నావు.”

“మరేం చేయమంటావే? నువ్వేమో సీసా పట్టుకుని ఊరి మీద పడ్డావు. ఏదో ఒక రోజు పెంబా మనిషి ఎవరో వాసన చూసి, ఇది ఫలానా ఇంట్లోది అని చెప్పేస్తే? భూతం అంటే జనం నిన్ను నమ్మరు, నువ్వూ ఇంట్లో కూర్చుంటావు అనుకున్నా. నీ పరువు కోసమే చేశాను.”

“నా పరువు!” జువేనా నవ్వింది. ఆ నవ్వు మ్వానఖేరికి భయం వేసేలా ఉంది. “ఊళ్ళో నన్ను పిచ్చిదాన్ని చేసి కాపాడిన పరువు. బాగుంది వదినా.”

ఒక సీసా చేతిలోకి తీసుకుంది. గోరుతో మైనం గీకి మూత తీసింది. అంతే, ఇల్లంతా ఖెలెఫ్ వచ్చేశాడు. తడిసిన చొక్కా, చెవి వెనక, దిండు, పడవ మెట్లు, అన్నీ ఒక్కసారిగా. ఇప్పుడు వచ్చింది ఏడుపు. ఆయన మీద ఇంత కోపం పెట్టుకుని ఆయన కోసమే ఏడుస్తున్నందుకు ఆమెకు తన మీద తనకే చిర్రెత్తుకొచ్చింది. ముక్కు తుడుచుకుని మూత గట్టిగా బిగించింది. మూత బిగిస్తూ ఉండగానే ఆ చేతులు ఆగిపోయాయి.

నాలుగు సీసాలు. నెలకొకటి.

“వదినా. ఆయన పోయి నాలుగు నెలలు దాటింది.”

మ్వానఖేరి పళ్ళెంలో గుడ్లు అటూ ఇటూ జరుపుతోంది.

“పోయిన మనిషికి అత్తరు ఎందుకు కాస్తోంది ఆమె?”

మ్వానఖేరి పళ్ళెం దూరంగా జరిపింది.

“ఆమె ఇద్దత్ ఎక్కడ కూర్చుంది?”

“కూర్చోలేదు.”

“ఎందుకు కూర్చోలేదు?”

“ఆమెకి చావు కబురు చెప్పనే లేదు,” అంది మ్వానఖేరి. “చెప్తే వచ్చి నీ పక్కన అదే చాప మీద కూర్చునేది. ఒక చావుకి ఇద్దరు విధవలు. ఊరంతా గుమ్మం ముందు చేరి వినోదం చూసేది. జబ్బుగా ఉన్నాడు, మా ఇంట్లో ఉన్నాడు, లేవగానే వస్తాడు అని పడవవాళ్ళతో చెప్పించాను.”

రేడియో. అప్పుడు గుర్తొచ్చింది జువేనాకు. పెంబాలో ప్రతి కొట్టు ముందూ మోగే రేడియో. చావు కబురు చదివించొద్దని ఇంతలా పట్టుపట్టింది ఇందుకన్నమాట.

“అల్లా నిన్ను క్షమిస్తాడో లేదో నాకు తెలీదు,” అంది. “నాలుగు నెలలుగా ఒక ఆడది, మొగుడు లేచి పడవెక్కి సముద్రం మీద క్షేమంగా రావాలని నూనె కాచుకుంటూ కూర్చుంది. ఆయన సముద్రంలో పోలేదు కూడా. ఇదిగో, ఈ మెట్ల మీద పడిపోయాడు. ఆమె నూనె దాని పని అది సరిగ్గానే చేసింది.” సీసాలు నాలుగూ దగ్గరికి లాక్కుని కొంగులో మూటగట్టింది. ఇంత వెతికి దొరికించుకున్నవి తన చేతిలోనే ఉన్నా, అవి తనవి కావని ఆమెకు తెలుసు. “పెంబా పడవ మళ్ళీ ఎప్పుడు? నేనే వెళ్ళి చెప్తాను.”

మ్వానఖేరి తలెత్తలేదు.

“నువ్వు వెళ్ళక్కర్లేదు. పోయినవారం సీసాతో పాటు కబురొచ్చింది. ఇంకా లేవలేదంటే తనే వచ్చి చూసుకుంటుందట. గురువారం పడవకి.”

జువేనా బిగించిన కిటికీల వైపు చూసింది. పరిచిన చాప వైపు, గుడ్డ వైపు చూసింది. గురువారం. గదిలో కూర్చోబెట్టి, నెత్తి మీద గుడ్డ కప్పి, డప్పులు వాయించి, పొగ వేస్తే బయట ఎవరొచ్చిందీ ఎవరిని తిప్పి పంపిందీ లోపలున్న మనిషికి వినపడదు. భూతవైద్యం భూతం కోసం కాదన్నమాట. పొద్దున విన్న పడవ కూత ఆమె చెవిలో మళ్ళీ మోగింది.

“హోదీ!”

వీధి తలుపు దగ్గర ఆడగొంతు. మెల్లగా, కొత్త చోట పిలిచే గొంతు.

మ్వానఖేరి ఒక్క ఉదుటున జువేనా మణికట్టు పట్టుకుంది. “పలక్కు. నీ కాళ్ళు పట్టుకుంటానే, పలక్కు. మూడుసార్లు పిలిచి వెళ్ళిపోతుంది. ఇవాళ్టికి పోనీ. నేను రేపు రేవుకి వెళ్ళి నిమ్మళంగా చెప్తాను.”

“హోదీ!”

నాలుగు నెలల్లో చెప్పని దానివి రేపు చెప్తావా, అనుకుంది జువేనా. అయినా నోరు పెగల్లేదు. నిజం చెప్పాలంటే ఆమెకూ ఒక్క క్షణం అనిపించింది. వెళ్ళిపోతే బాగుండునని. మూకుట్లో పంచదార నల్లగా మాడి కంపు కొడుతోంది. వీధిలో అడుగుల చప్పుడు ఒకటి వెనక్కి కదిలి మళ్ళీ ఆగింది.

“హోదీ...” మూడోసారి. ఈసారి గొంతు సన్నబడింది.

జువేనా చెయ్యి విడిపించుకుంది. “కరీబు,” అంది, తనకే వినపడనంత చిన్నగా. తర్వాత గొంతు పెంచి, “కరీబు!” అంటూ వెళ్ళి గడియ తీసింది.

ముందు లోపలికి వచ్చింది మల్లె వాసన. గుప్పుమంది, పీపాలు గుమ్మరించినట్టు. జడలో మల్లెలు, గుండెల మీద మల్లె చెండు, బుర్ఖా అంచుల నిండా గులాబీ అత్తరు. జువేనా ముక్కు మూసుకోబోయి చెయ్యి దించేసుకుంది. గడప అవతల ముప్ఫై దాటని మనిషి, చేతిలో మూత కట్టిన గిన్నె, పొద్దుట్నుంచీ ఇల్లు వెతుక్కుంటూ ఎండలో నడిచొచ్చి ఎర్రబడ్డ ముఖం. ఈపాటికి తెల్లబట్టల్లో కూర్చుని లేవాల్సిన మనిషి, మొగుణ్ణి చూడడానికి పెళ్ళికూతురిలా ముస్తాబై వచ్చింది.

గుమ్మంలో ఉన్నది ఎవరో ఆమెకు చెప్పకుండానే తెలిసినట్టుంది. కళ్ళు దించుకుంది. అంతలోనే గాల్లో మిరియాల వాసన తగిలి, తను కాచిన నూనె వాసన తను గుర్తుపట్టి, ఆ కళ్ళు మళ్ళీ పైకి లేచి మెరిశాయి.

“అక్కా, నేను రిజికిని,” అంది చెప్పులు విడుస్తూ. “మీరు ఏమైనా అనండి, తర్వాత పడతాను. ముందు చెప్పండి, ఆయన ఏ గదిలో ఉన్నారు?”